అద్దె ఇంట్లో నల్లుల బెడద: అరవై రోజుల ఓపిక

నల్లులు పట్టిన ఇంట్లో మొదట పోయేది నిద్ర, దాని వెనకే పోయేది నిదానం. రాత్రంతా దురదతో మేలుకొని ఉన్న మనిషి తెల్లవారగానే ఏదో ఒకటి చేసి తీరాలన్న ఆత్రంతో దుకాణంలో దొరికిన మందు తెచ్చి చల్లడమో, పరుపు ఎత్తి వీధి మూల పడేయడమో, పక్క గదిలోకి పడక మార్చడమో, ఎవరికీ చెప్పకుండా ఇల్లు ఖాళీ చేయడమో చేస్తాడు. వీటిలో ఏ ఒక్కటీ నల్లిని వదిలించదు సరికదా, అన్నీ కలిసి దానిని కొత్త చోట్లకు చేరుస్తాయి. సొంత ఇంట్లో అయితే ఈ తొందరపాటు వల్ల కలిగే నష్టం చాలావరకు ఆ ఇంటివారితోనే ఆగుతుంది గానీ, హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఒకే గోడను పంచుకున్న పోర్షన్లలోనో, ఒకే వరండాలోకి తలుపులు తెరుచుకునే బ్యాచిలర్ గదుల్లోనో ఉండే అద్దెదారు చేసిన ప్రతి పనీ పక్కవారి మీద, ఇంటి యజమాని మీద, చివరకు అడ్వాన్సు సొమ్ము మీద కూడా పడుతుంది. అందువల్ల అద్దె ఇంట్లో నల్లులను వదిలించుకోవడం సగం కీటకానికి, సగం మనుషుల మధ్య నడిచే వ్యవహారానికి సంబంధించిన పని. రెండింటికీ కావలసింది సుమారు అరవై రోజుల పాటు సడలని ఓపిక, ఆ గడువు ఎందుకో తెలిసిన అవగాహన.

గుర్తుపట్టడం

ఒంటి మీద మచ్చలను బట్టి నల్లులు ఉన్నాయని తేల్చడం సరికాదు. దోమకాటు, గజ్జి, కొన్ని రకాల దద్దుర్లు కూడా దాదాపు అలాగే కనిపిస్తాయి. పైగా ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే మరొకరికి ఏమీ తెలియకపోవచ్చు, ఎందుకంటే ఆ మచ్చ నల్లి లాలాజలానికి శరీరం చూపే ప్రతిస్పందన మాత్రమే, అది మనిషి మనిషికీ మారుతుంది, కొందరిలో కుట్టిన చాలా రోజులకు గానీ బయటపడదు. కాబట్టి కంటితో చూసి తేల్చుకోవాలి. పట్టపగలు దుప్పటి తీసేసి, పరుపు అంచు కుట్టును బొటనవేలితో విడదీస్తూ టార్చి వెలుగులో జానెడు జానెడుగా చూసుకుంటూ పోతే, నల్లులున్న పరుపు మీద ముందుగా సిరా చుక్క గుడ్డలో ఇంకినట్టున్న నల్లటి మచ్చలు కనిపిస్తాయి. అవి జీర్ణమైన రక్తంతో కూడిన నల్లి మలం. తడిగుడ్డతో రుద్దితే ఎర్రమట్టి రంగు చార వస్తుంది. వాటి దగ్గరలోనే ఎదుగుతున్న పిల్ల నల్లులు విడిచిన పల్చని పొట్టు, అంటే కుబుసాలు, సుమారు ఒక మిల్లీమీటరు పొడవున తెల్లగా మెరుస్తూ గుడ్డకు అతుక్కున్న గుడ్లు, చివరగా ఐదు మిల్లీమీటర్ల పొడవున్న చదునైన గోధుమరంగు నల్లి కనిపిస్తాయి.

పరుపు తరువాత చూడవలసింది మంచాన్ని. పట్టె వచ్చి కోడులో కలిసే బెజ్జం, మేకు గుంటలు, నవారు అల్లిక మడతలు, దివాన్ కాట్ లోపలి ప్లైవుడ్ చీలికలు, గోడకు ఆనుకొని ఉండే తలవైపు పలక వెనక భాగం దీనికి ఇష్టమైన తావులు. సంఖ్య పెరిగాక అది స్విచ్‌బోర్డు పెట్టెలోకి, గోడ క్యాలెండరు వెనక్కి, కర్టెన్ మడతల్లోకి, ప్లాస్టిక్ కుర్చీ అడుగు అంచుల్లోకి కూడా చేరుతుంది గానీ, మనిషి పడుకునే చోటికి దగ్గరగా ఉండడమే దాని స్వభావం. దొరికిన నల్లిని నలిపివేయకుండా పారదర్శకమైన టేపుతో పట్టి తెల్లకాగితం మీద అంటించి, పక్కన తేదీ, దొరికిన చోటు రాసి ఉంచడం మంచిది. యజమానితో మాట్లాడేటప్పుడు గానీ, పెస్ట్ కంట్రోల్ వారిని పిలిచినప్పుడు గానీ వంద మాటలు చేయలేని పని ఆ కాగితం చేస్తుంది.

అది బతికే తీరు

మనుషుల మీద ఆధారపడే నల్లులలో ముఖ్యమైనవి రెండు జాతులు. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన సైమెక్స్ లెక్టులేరియస్ ఎక్కువగా శీతల, సమశీతోష్ణ దేశాల్లో ఉంటే, 1803లో ఫాబ్రీషియస్ పేరు పెట్టిన సైమెక్స్ హెమిప్టెరస్ ఉష్ణమండల జాతి, దక్షిణ భారతదేశపు ఇళ్లలో సాధారణంగా కనిపించేది ఇదే. రెండింటికీ రెక్కలు ఉండవు, ఎగరలేవు, దూకలేవు. కేవలం నడిచి, లేదా సామానులో దాక్కొని మాత్రమే చోటు మారతాయి. నిద్రపోతున్న మనిషి వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని పసిగట్టి వచ్చి, ఐదు నుంచి పది నిమిషాల్లో రక్తం తాగి తిరిగి పగుల్లోకి వెళ్లిపోతాయి.

పోరాట పద్ధతి అంతా ఆధారపడేది దీని జీవిత చక్రం మీద. ఆడ నల్లి రోజుకు ఒకటి మొదలు ఐదు వరకు గుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో గుడ్డు వారం, పది రోజుల్లో పగులుతుంది. పుట్టిన పిల్ల ఐదు దశలు దాటాలి, ఒక్కొక్క దశ దాటడానికి ఒక్కసారైనా రక్తం తాగి తీరాలి. ఇలా గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి ఐదారు వారాలు పడుతుంది. తిండి దొరకని పెద్ద నల్లి వేడి ప్రదేశంలో కూడా కొన్ని నెలలు బతకగలదు, చల్లని ప్రదేశంలో ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. ఒకసారి జతకట్టిన ఆడ నల్లి ఒక్కటి మిగిలినా మళ్లీ గుంపు తయారవుతుంది. ఈ లెక్కలు తెలిసినవారికి మూడు సంగతులు వాటంతట అవే అర్థమవుతాయి: ఒక్కసారి మందు కొట్టించి ఊరుకుంటే గుడ్లు మిగిలిపోతాయి, పది రోజుల పాటు ఇంటికి తాళం వేసి ఊరెళ్లి వచ్చినంత మాత్రాన నల్లులు ఆకలితో చావవు, ఆఖరి గుర్తు కనిపించిన నాటి నుంచి సుమారు అరవై రోజులు గడిస్తే గానీ ఇల్లు శుభ్రపడిందని చెప్పలేము.

రోగాల విషయంలో మాత్రం అనవసర భయం అక్కరలేదు. నల్లి కాటు వల్ల మనుషుల మధ్య అంటువ్యాధులు వ్యాపిస్తున్నట్టు రుజువు కాలేదు. అయితే గోకడం వల్ల పుండ్లు పడి చీము పట్టవచ్చు, నల్లులు విపరీతంగా ఉన్న ఇళ్లలో పసిపిల్లలకు, వృద్ధులకు రక్తహీనత కూడా రావచ్చు. అటువంటప్పుడు వైద్యునికి చూపించాలి, మచ్చలకు నల్లులే కారణమని అనుమానం ఉంటే ఆ మాట ఆయనకు చెప్పాలి.

సిగ్గు చేసే చెరుపు

నల్లులు పట్టడం అశుభ్రతకు గుర్తు అన్న నమ్మకం మన సమాజంలో బలంగా ఉంది, ఈ విషయంలో ఖండించవలసిన అపోహలన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. నల్లికి కావలసింది మురికి కాదు, మనిషి రక్తం; అద్దంలా తుడిచిన ఇంట్లో కూడా రాత్రిపూట మనుషులు పడుకుంటారు గనుక అక్కడా అది బతుకుతుంది. చిందరవందరగా పడి ఉన్న సామాను దానికి దాక్కునే చోట్లు పెంచుతుందన్నది నిజమే గానీ, అది ఇంట్లోకి వచ్చేది సెకండ్ హ్యాండ్ సోఫాతోనో, హాస్టల్ నుంచి తెచ్చిన ట్రంకు పెట్టెతోనో, రైలు, బస్సు ప్రయాణాల్లో సీటు కింద పెట్టిన సంచితోనో, పక్క పోర్షన్ నుంచి గోడ పగులు దాటుకొనో. అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థులు మొదటి నెలల్లో డబ్బు ఆదా చేయడానికి వీధి పక్కన ఎవరో వదిలేసిన పరుపును గదికి తెచ్చుకోవడం ఇటువంటి మార్గాల్లో ఒకటి. దేవతలను కూడా నల్లికి భయపడినవారిగా చిత్రించిన చాటుపద్యం ఉన్న భాష మనది. ఆ కాలంలో అందరూ చెప్పుకున్న బాధను ఈ కాలంలో అపార్టుమెంటు గోడల మధ్య దాచిపెట్టుకోవడం వల్ల నల్లులకు తప్ప ఎవరికీ లాభం లేదు. సిగ్గుతో దాచిన ప్రతి వారమూ కొత్త గుడ్ల వారమే అవుతుంది.

పడకను వేరుచేయడం, వేడిని వాడడం

మొదటి రాత్రి నుంచే పాటించవలసిన నియమం పడక మార్చకపోవడం. పడుకున్న మనిషి హాల్లోకి మారితే ఆకలిగొన్న నల్లి కూడా హాల్లోకి నడుస్తుంది, అప్పుడు వెతకవలసిన గదులు రెండవుతాయి. అందుకు బదులుగా, ఉన్న మంచాన్నే శుభ్రపరచి గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి, దోమతెర నేలను తాకకుండా మడిచి పెట్టి, కోళ్ల కింద సబ్బు కలిపిన నీళ్ల గిన్నెలు ఉంచితే నల్లి మంచం ఎక్కే దారి చాలావరకు మూసుకుపోతుంది. పూర్వం చీమల కోసం మన పెద్దలు చేసిన ఏర్పాటే ఇది. మన ప్రాంతపు ఉష్ణమండల జాతి నున్నటి ప్లాస్టిక్ గోడలను కూడా సమశీతోష్ణ జాతి కంటే బాగా ఎక్కగలదు కనుక ఖాళీ గిన్నెలను నమ్ముకోకుండా సబ్బునీళ్లు పోయడం అవసరం. దోమలు గుడ్లు పెట్టకుండా రెండు మూడు రోజులకొకసారి ఆ నీళ్లు మార్చాలి. ఉదయాన్నే గిన్నెల్లో పడినవాటిని లెక్కపెట్టి రాసుకుంటే అదే ఇంటి పరిస్థితిని చెప్పే పట్టిక అవుతుంది. పరుపు బాగున్నట్లయితే పారేయనక్కరలేదు, జిప్పుతో పూర్తిగా మూసుకుపోయే తొడుగు వేసి ఏడాది పాటు విప్పకుండా ఉంచితే లోపలివి లోపలే చస్తాయి.

నల్లి పోరాటంలో అన్నిటికంటే నమ్మదగిన ఆయుధం వేడి, ఎందుకంటే మందుకు అలవాటు పడిన నల్లులు ఉన్నాయి గానీ తగినంత వేడిని తట్టుకొని బతికే నల్లి లేదు. అయితే ఎంత వేడి, ఎంతసేపు అన్నది ముఖ్యం: 45 డిగ్రీల సెల్సియస్ వద్ద పెద్ద నల్లి చావడానికి గంటన్నర పడితే, దాని గుడ్లు ఏడు గంటల దాకా తట్టుకోగలవు, 50 డిగ్రీలు బాగా దాటితే అన్ని దశలూ త్వరగా చస్తాయి. దుప్పట్లు, గలీబులు, కట్టుబట్టలు 60 డిగ్రీల వేడినీటిలో నానబెట్టి ఉతకడం, ఉతకలేని వాటిని డ్రైయర్ ఉన్న లాండ్రీలో అరగంట పాటు ఎక్కువ వేడిలో తిప్పించడం, పరుపు కుట్ల వెంబడి స్టీమ్ యంత్రాన్ని నెమ్మదిగా కదపడం ఇందుకు పనికివచ్చే మార్గాలు. ఇనుప మంచానికి, గట్టి చెక్క మంచానికి బెజ్జాల్లో సలసల కాగే నీళ్లు పోసే పాత పద్ధతి ఇప్పటికీ సరైనదే గానీ, ప్లైవుడ్ దివాన్ కాట్‌కు అది చెల్లదు, చెక్క ఉబ్బి పొరలు విడిపోతాయి.

ఎండ మీద మాత్రం అతిగా నమ్మకం పెట్టుకోకూడదు. మే నెలలో డాబా మీద పరుపు ఆరవేస్తే పైభాగం కాలుతుంది, నల్లి అడుగు నీడలోకి జరుగుతుంది, పరుపు నడిమి భాగం అంత వేడెక్కదు. పల్చని బట్టలను నల్ల ప్లాస్టిక్ సంచిలో మూసి, మధ్యలో ఉంచిన థర్మామీటరు 50 డిగ్రీలు దాటి కొన్ని గంటలు నిలిచిందని చూసుకుంటే తప్ప ఎండ పని చేసిందని అనుకోవడానికి లేదు. వేడి తగలకూడని పుస్తకాలు, తోలు వస్తువుల వంటివాటిని సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్‌లో కనీసం నాలుగు రోజులు ఉంచవచ్చు. శుభ్రపడిన ప్రతి వస్తువునూ వెంటనే మూసిన సంచిలోకి మార్చకపోతే చేసిన శ్రమ ఒక్క రాత్రిలో వ్యర్థమవుతుంది.

మందులు

ఇంటింటా దొరికే స్ప్రేలలో ఎక్కువ భాగం పైరెథ్రాయిడ్లు, అంటే చామంతి జాతి పువ్వుల్లో సహజంగా ఉండే పైరెత్రిన్లను అనుకరిస్తూ కర్మాగారంలో తయారు చేసిన రసాయనాలు. వీటికి చాలా ప్రాంతాల నల్లులలో నిరోధకత ఏర్పడింది. నిరోధకత అంటే తట్టుకోగలిగిన కొద్ది నల్లులు బతికి పిల్లలను కని, తరాలు గడిచేకొద్దీ ఆ మందుకు లొంగని సంతతిగా మారడం. ఇది కొత్త విషయం కాదు, డీడీటీకి లొంగని నల్లులను 1940లలోనే హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్‌లో గమనించారు. గదంతా పొగ నింపే ఫాగర్లు పగుళ్ల లోపలికి చొరబడవు గనుక వాటి మీద పెట్టిన డబ్బు వృథా. నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం, వేపనూనె వాసనలు గుంపును తుడిచిపెట్టలేవు.

పని చేయనివి ఒక ఎత్తయితే ప్రాణం తీసేవి మరొక ఎత్తు. పొలానికి తెచ్చిన పురుగుమందును నీళ్లలో కలిపి మంచానికి పూయడం, కిరోసిన్ పోసి దీపం దగ్గర పెట్టడం, ధాన్యం బస్తాల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను గదిలో ఉంచడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. ఈ బిళ్ల గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ అనే విషవాయువుగా మారుతుంది, ఆ వాయువు గోడ పగుళ్ల గుండా పక్క పోర్షన్‌లో నిద్రపోతున్న పిల్లల దాకా పోగలదు, దానికి విరుగుడు మందు లేదు. మన దేశంలో ఇళ్లలో నల్లుల కోసం దీనిని పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఒకప్పుడు ఇళ్లలో విరివిగా వాడిన డైక్లోర్వాస్ అనే పురుగుమందును కూడా భారత ప్రభుత్వం 2018 నాటి ఉత్తర్వు ద్వారా 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. పాత సీసాలు ఇంట్లో ఉంటే వాడకూడదు. మందు వాసనకు తలనొప్పి, వాంతులు, ఆయాసం వచ్చిన మనిషిని గాలి తగిలే చోటికి తీసుకువెళ్లి వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంటి పని అంతా చేసినా నల్లులు తగ్గనప్పుడు పెస్ట్ కంట్రోల్ వారిని పిలవడం తప్పదు. 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద వారికి లైసెన్సు ఉన్నదా, వాడబోయే రసాయనం పేరేమిటి, మళ్లీ ఇంట్లోకి ఎంతసేపటికి రావచ్చు అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఇవ్వనివారికి పని అప్పగించకూడదు. గుడ్లు మందుకు చావవు కనుక మొదటి విడతకు పది, పద్నాలుగు రోజుల తరువాత రెండో విడత ఒప్పందంలోనే ఉండాలి. ఒక్క విడతతో జీవితాంతం గ్యారంటీ ఇచ్చేవారి మాట నమ్మదగింది కాదు.

యజమానితో, ఇరుగుపొరుగుతో

నల్లి దొరికిన రోజునే యజమానికి చెప్పాలి. చెప్పే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది: "మీ ఇంట్లో నల్లులున్నాయి, మాకు తెలియకుండా అంటగట్టారు" అన్న మాటకు జవాబుగా "మీరొచ్చాకే వచ్చాయి" అన్న మాటే వస్తుంది గానీ, "ఆంటీ, మా మంచంలో నల్లులు కనిపించాయి, ఫొటోలు పంపిస్తున్నాం, గోడ పగులు దగ్గర కూడా ఉన్నాయి, ఒకసారి అంకుల్‌ను పంపిస్తారా?" అన్న మాట ఇద్దరినీ ఒకే వైపు నిలబెడుతుంది. నోటితో చెప్పిన దానిని అదే రోజు వాట్సాప్‌లోనో ఉత్తరంలోనో తేదీతో రాసి పంపడం మర్యాదకు లోపం కాదు, తరువాత అడ్వాన్సు లెక్క చూసేనాడు ఇద్దరికీ ఆధారం.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు మన చట్టాల్లో సూటి జవాబు లేదు. న్యూయార్క్ నగరంలో గడిచిన ఏడాదిలో ఆ ఇంట్లో నల్లులు పట్టాయా అన్నది కొత్త అద్దెదారుకు యజమాని రాసి ఇవ్వాలన్న నియమం ఉంది, ఫ్రాన్సులో 2018 నాటి చట్టం ప్రకారం చీడపురుగులు లేని ఇంటిని అప్పగించడం యజమాని బాధ్యత. మన దగ్గర 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్, ఒప్పందంలో మరోలా రాసుకోనప్పుడు, యజమానికి తెలిసి ఉండి అద్దెదారుకు మామూలు జాగ్రత్తతో కనిపించని ముఖ్య లోపాలను ముందే చెప్పాలంటుంది; అదే సెక్షన్ అద్దెదారు ఇంటిని పుచ్చుకున్న స్థితిలోనే కాపాడాలని కూడా అంటుంది. నల్లి పేరు ఎక్కడా లేదు. కనుక న్యాయంగా తోచే పంపకం ఇది: ఇంట్లో దిగిన మొదటి నెలలోనే నల్లులు బయటపడితే, లేదా ఒకటి కంటే ఎక్కువ పోర్షన్లలో ఉంటే ఖర్చు యజమాని భరించాలి, అద్దెదారు తెచ్చిన సామానుతో వచ్చాయని తేలితే అతడు భరించాలి, తేలనప్పుడు సగం సగం. గోడ పగుళ్లు, ఊడిన స్కర్టింగ్, స్విచ్‌బోర్డు చుట్టూ ఖాళీలు పుట్టీతో పూడ్చే పని మాత్రం ఎప్పుడైనా యజమానిదే. కోపంతో అద్దె ఆపడం తెలివైన పని కాదు, అద్దె బకాయి ఇల్లు ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకునే కారణాల్లో ఒకటి.

పక్క పోర్షన్ వారికి కూడా చెప్పి, వారి మంచాలు చూసుకొమ్మని అడగాలి, వీలైతే మందు రెండు ఇళ్లలోనూ ఒకే రోజు కొట్టించాలి. ఒక ఇంట్లో కొడితే నల్లులు పక్కింట్లోకి జరిగి, రెండు వారాలకు తిరిగి వస్తాయి. పారేయక తప్పని పరుపును బ్లేడుతో కోసి, పెద్ద అక్షరాలతో నల్లులున్నాయని రాసి, చెత్త బండికి నేరుగా అప్పగించాలి. లేకపోతే పరుపు కొనుక్కోలేని కుటుంబమేదో దానిని ఇంటికి మోసుకుపోతుంది.

ఈ అరవై రోజుల్లో మనసును కాపాడుకోవడం కూడా పనిలో భాగమే. నల్లులు పోయిన తరువాత కూడా ఒంటి మీద ఏదో పాకినట్టు అనిపించడం, అర్ధరాత్రి లైటు వేసి దుప్పటి దులపడం చాలామందిలో కనిపిస్తుంది. వెతకడానికి వారంలో ఒక పగటిపూట కేటాయించి, మిగిలిన రాత్రులు వెతకకూడదని నియమం పెట్టుకొని, గిన్నెల లెక్క రాసిన పట్టికను చూసుకుంటే అంకె తగ్గుతున్న కొద్దీ నిద్ర తిరిగి వస్తుంది; వారాలు గడిచినా రానప్పుడు వైద్యుని సలహా తీసుకోవాలి.

అరవై రోజులు నిండకముందే ఇల్లు మారవలసి వస్తే, కొత్త ఇంటికి చేరేది వేడితో శుభ్రపరచి సంచుల్లో మూసిన సామాను మాత్రమే కావాలి, మంచం విప్పి బెజ్జాలు చూసిన తరువాతే లారీ ఎక్కించాలి. కొత్త ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు గోడ అల్మారాల మూలలు, సజ్జ మీది పలకలు, యజమాని వదిలిన పాత మంచాలు టార్చితో చూసి, ఖాళీ చేస్తున్నవారిని ఒక్క మాట అడగాలి. మన దగ్గర అలవాటుగా రాసుకునే పదకొండు నెలల ఒప్పందంలో, అప్పగించిన నాటికి ఇంట్లో నల్లులు లేవని, మొదటి ముప్పై రోజుల్లో కనిపిస్తే నివారణ ఖర్చు యజమానిదని, తరువాత కనిపిస్తే ఇద్దరూ కలిసి చూసి కారణం తేల్చుకుంటారని ఒక వాక్యం చేర్చడానికి చాలామంది యజమానులు అభ్యంతరం చెప్పరు, అడిగేవారే తక్కువ.